పైపు పట్టిన బాలరాజ్

బాలరాజ్ మీద నాకు మొదట వచ్చింది కోపమే. ఆదివారం ఉతికి డాబా మీద ఆరేసిన చీర సోమవారం బడికి కట్టుకెళ్తే, ఏడో తరగతి మొదటి బెంచీ పిల్ల ఒకతి ముక్కు ఎగబీల్చి, "మేడం, మీరు కేక్ తిన్నరా?" అని అడిగింది. నేను లెక్కల టీచర్ని. నా క్లాసులో ప్రశ్నలు వేసేది నేను. పిల్లలంతా నా చీర వైపు చూసి కిసకిసలాడటంతో ఆ పూట భిన్నాలు మరుసటి రోజుకు వాయిదా పడ్డాయి.

సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా నేరుగా డాబా ఎక్కాను. నీళ్ల ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మా ఇంటి ఓనర్ బాలరాజ్ కూర్చుని ఉన్నాడు. లుంగీ, చేతుల బనియను, నోట్లో వంపు తిరిగిన నల్లని చెక్క పైపు. పక్కన చాప మీద ఆయన తల్లి పూలమ్మ, పంటి సందున చుట్టతో. ఇద్దరి మధ్యా తీగ మీద నా ఇంకో చీర ఎగురుతోంది.

"ఏంది బాలరాజ్ గారూ, గీ వాసన?" అన్నాను. కోపంలో నా నోటికి బడి భాష రాదు.

ఆయన పైపు తీసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. "చెర్రీ పండ్ల వాసన మేడం. మంచిగ లేదా? శుక్రవారం దాని కన్న నయమే గద."

శుక్రవారం నాటిది నాకు గుర్తొచ్చింది. ఆ రోజు వీధిలో వాళ్లు ఎక్కడో కరెంటు తీగ కాలుతోందనుకుని లైన్‌మన్‌కు ఫోన్ చేశారు.

ఆ మనిషికి యాభై ఎనిమిదేళ్ల వయసులో ఈ సరదా ఎలా పట్టిందో చెప్పాలంటే ముందు ఆయన పని సంగతి చెప్పాలి. బాలరాజ్ వాళ్లది నల్లగొండ జిల్లాలో మునుగోడు దగ్గర పల్లె. ముప్పై ఏళ్ల కిందట పట్నం వచ్చి టైల్స్ మేస్త్రీగా పనిచేశాడు. ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం దాకా లేచిన ఇళ్లలో ఎన్నింటికి నేల పరిచాడో ఆయనకే లెక్క తెలియదు. అల్మాస్‌గూడలో సొంతిల్లు పడింది. కింద వాళ్లు, మీద కిరాయికి నేను. మోకాళ్లు అరిగిపోయాక కూర్చుని చేసే పని కావాలని వెతికి వెతికి, చివరికి నిలబడి చేసే పనిలో చేరాడు. సినిమాల్లో గుంపులో ఒకడిగా నిలబడే పని.

తిరుపతి అని ఒక ఏజెంటు ఉన్నాడు. ఫలానా రోజు యాభై మంది కావాలంటే ఫోన్లు చేసి పోగుచేస్తాడు. తెల్లవారుజామున ఎల్బీనగర్ చౌరస్తాలో వ్యాను ఎక్కితే అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి పెద్ద స్టూడియోలో దింపుతుంది. పందొమ్మిదేళ్లుగా బాలరాజ్ ఆ వ్యాను ఎక్కుతున్నాడు. ఆయన వెయ్యని వేషం లేదు, కనబడిన వేషం మాత్రం లేదు. పెళ్లిళ్లలో భోంచేశాడు, కోర్టులో బెంచీ మీద కూర్చున్నాడు, హీరో మాటలకు చప్పట్లు కొట్టాడు, యుద్ధంలో రెండుసార్లు చచ్చిపోయాడు. ఆ సినిమాల్లో ఏదైనా టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ ముందు కూర్చుంటారు. నన్నూ పిలుస్తారు. "అగో, గా స్తంభం పక్కన" అని ఆయన వేలు చూపేలోపు స్తంభం పోయి పాట మొదలవుతుంది. "ఏడ? ఏడున్నవ్?" అని పూలమ్మ అడుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది. ఒకరోజు నీళ్ల మోటారు వేయడానికి వచ్చి బాలరాజ్ చెప్పిన మాట విన్నాక నవ్వడం మానేశాను. పూలమ్మ కళ్లల్లో నరాలు ఎండిపోతున్నాయట. మందు చుక్కలతో ఉన్న చూపును కొన్నాళ్లు ఆపగలమే కానీ పోయింది తేలేమని దవాఖానలో చెప్పారు. "నా కండ్లు పోకముందు ఒక్కపారి నిన్ను తెర మీద సూడాలె కొడకా అన్నది మేడం" అన్నాడు. ఊళ్లో ఆడవాళ్లు ఆమెను ఆటపట్టిస్తారట, నీ కొడుకు సినిమావాళ్లకు చాయ్‌లు మోస్తాడటగా అని. ఆమె కొట్లాడుతుంది కానీ చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

అలాంటి సమయంలో కోటు వచ్చింది.

పాతకాలపు సినిమా ఒకటి తీస్తున్నారు. నలుగురు పెద్దమనుషులు క్లబ్బులో పేకాడుతుంటే హీరో తలుపు తోసుకుని రావాలి. ఆ నలుగురిలో ఒక జమీందారు, నోట్లో పైపు. ఆ వేషానికి పిలిచిన మనిషి రాలేదు. ఆయన కోసం కుట్టిన కోటును వ్యానులో వచ్చిన వాళ్లందరికీ తొడిగి చూస్తే ఒక్క బాలరాజ్‌కే బొత్తాలు పట్టాయి. కోటు సరిపోయింది కాబట్టి జమీందారు అయ్యాడు. కెమెరా నేరుగా ఆయన ముఖం మీద మొదలై, ఆయన వదిలిన పొగలోంచి హీరో మీదికి పోవాలట. పందొమ్మిదేళ్లలో కెమెరా ఆయన ముఖం వైపు తిరగడం అదే మొదలు.

పైపు ఆరిపోయింది. మళ్లీ ముట్టించారు. మళ్లీ ఆరింది. ఒకసారి హీరో తలుపు తోసే సమయానికి సరిగ్గా దగ్గు వచ్చింది. ఒకసారి పొగ రాక బుగ్గలు మాత్రం ఉబ్బాయి. అలా తొమ్మిది టేకులయ్యాక, విమానానికి టైమైందని హీరో వెళ్లిపోయాడు. ఆ సీను మూడు వారాల తర్వాత తీద్దామన్నారు. అసోసియేట్ డైరెక్టర్ బాలరాజ్‌ను పక్కకు పిలిచి, "ఇందులో పొగే ముఖ్యం పెద్దాయనా. ఈసారి కూడా రాకపోతే కోటు విప్పి ఇంకొకరి సైజుకు కుట్టిస్తాం" అన్నాడట. తిరుపతి పూచీ మీద ఆ పైపును ఇంటికి పంపించారు, నేర్చుకొమ్మని.

ఇంట్లో మొదటి అడ్డు ఆయన భార్య అండాలమ్మ. చీరలకు ఫాల్స్ కుట్టే మనిషి, సూది నోట్లో పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు.

"గుట్ట మెట్ల మీద ఒట్టేసినవ్, మళ్ల ముట్టనని" అంది.

"బీడీ ముట్టనని ఏసిన. గిది బీడీ గాదు గదా."

"యాదగిరి నర్సన్నకు బీడీ వేరు, పైపు వేరు అని తెలుస్తదా? పొగ పొగే."

అప్పుడు చాప మీంచి పూలమ్మ కలగజేసుకుంది. "ఒట్టు పాపమేదన్నుంటే నా మీదికి తీసుకుంటలే కోడలా. ఎట్లగూ నేను గీ చుట్టతోని పోయేదాన్నే. వాణ్ని నేర్సుకోనియ్యి."

అండాలమ్మ మూడు షరతులు పెట్టింది. డాబా మీద తప్ప ఇంకెక్కడా తాగకూడదు. పొగ నోట్లోంచే బయటికి పోవాలి, గొంతు దిగకూడదు. షూటింగ్ అయిన రోజే పైపు తిరిగి ఇచ్చేయాలి. నా చీరల గురించి మాత్రం ఎవరూ ఏ షరతూ పెట్టలేదు.

బాలరాజ్ మొదట చేసింది బీడీలు విప్పి అందులో పొగాకు పైపులో కూరడం. మిరపకాయ కాల్చినట్టు అందరం దగ్గాం. తర్వాత తల్లి చుట్టల ఆకును నలిపి వేశాడు. రెండు దమ్ములకే కళ్లు తిరిగి ట్యాంకుకు ఆనుకుని కూలబడ్డాడు. కరెంటు తీగ కథ ఆ రోజుదే. ఫోన్‌లో ఒక గడ్డం తెల్లాయన పైపు నింపే వీడియో పెట్టుకుని, మాటలు అర్థం కాకపోయినా ఆయన వేళ్లు ఎలా కదిలితే తన వేళ్లు అలా కదిపాడు. అడుగున వదులుగా, మధ్యలో కాస్త గట్టిగా, పైన ఇంకాస్త గట్టిగా. మీద అదమడానికి టైల్స్ పనిలో మిగిలిన ఒక వెడల్పాటి మేకును వాడాడు. గొట్టం శుభ్రం చేయడానికి పూలమ్మ కోడి ఈక తెప్పించింది. "మా మామ మట్టి చుంగాణికి గిదే ఏసేటోడు" అంది, పాతకాలపు మట్టి పైపును తలుచుకుని. ఇంత చేసినా పైపు మాత్రం ఆరుతూనే ఉంది.

తర్వాత ఎవరో ఇచ్చిన విదేశీ పొట్లం. అదే నా క్లాసు పాడుచేసిన చెర్రీ పొగాకు. నేను డాబా ఎక్కిన ఆ సాయంత్రం తిట్టడానికే పోయాను. కానీ బాలరాజ్ పైపు వెలిగించి, నాలుగు దమ్ములకే ఆరిపోతే దాన్ని చూసిన చూపు, లెక్క తప్పు వచ్చి ఎక్కడ తప్పిందో తెలియని పిల్లవాడి చూపు. అలాంటివాళ్ల మీద నాకు కోపం నిలవదు. "ఎల్లుండి సెలవు. నేను దిల్‌సుఖ్‌నగర్ పోతున్నా, మీరూ రండి. పొగాకు అమ్మేవాళ్లను అడుగుదాం" అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, పుస్తకాల దుకాణాలూ కోచింగ్ సెంటర్ల బోర్డులూ దాటాక, కోటేశ్వరమ్మ గారి పొగాకు కొట్టు ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లయింది. భర్త పోయాక ఆవిడే కూర్చుంటుంది. చుట్టలు, నశ్యం, కట్టలు కట్టిన ఆకు. ఆవిడ ఏ ఆకైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని నలుపుతుంది, ఆ చప్పుడు విన్నాకే వాసన చూస్తుంది.

బాలరాజ్ తన బాధంతా చెప్పి జేబులోంచి చెర్రీ పొట్లం తీశాడు. ఆవిడ రెండు వేళ్లతో కొంచెం తీసి నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, దీని మీద నీళ్లు చల్లావా?"

"సల్లిన అమ్మా. మా అవ్వ సల్లుతది గద, ఆకు మెత్తబడాలని."

"మీ అమ్మ చుట్ట చుట్టుకుంటుంది. ఆకు విరక్కుండా తిరగాలి కాబట్టి తడుపుతుంది. నువ్వు గొట్టంలో పోసుకునేదానికి తడెందుకు? తడి పొగాకు మండుతుందా ఎక్కడన్నా? ఎండబెట్టుకోవాలి గానీ."

బాలరాజ్ ముఖం చూస్తే నాకు ఇంకో అనుమానం వచ్చింది. "షూటింగ్ నాడు గూడ చల్లిన్రా?" అని అడిగాను. ఆయన నేల వైపు చూశాడు. సెట్టులో వాళ్లిచ్చిన పొగాకు మరీ పెళుసుగా ఉందని, ఎవరూ చూడకుండా తన సీసాలోంచి గుప్పెడు నీళ్లు చిలకరించాడట. తొమ్మిది టేకులూ, హీరో విమానమూ, మూడు వారాల వాయిదా, అన్నీ ఆ గుప్పెడు నీళ్ల పుణ్యమే. నేను దుకాణంలో గోడ పట్టుకుని నవ్వాను. పాపం, ఆయన నవ్వలేదు. "గీ ముచ్చట తిరుపతికి చెప్పకుండ్రి మేడం" అన్నాడు.

కోటేశ్వరమ్మ గారు ఆ రోజు మూడు రకాలు కట్టి ఇచ్చింది. ఎండుగడ్డి రంగులో తేలికపాటి వర్జీనియా ఆకు, ఘాటైన లంక పొగాకు, ఇంకా కట్టెల పొగకు ఆరబెట్టిన నల్లటి రకం ఒకటి, డబ్బా అడుగున మిగిలింది. "వీటిని నీ నోటికి సరిపడా నువ్వే కలుపుకోవాలయ్యా. ఒకరు కలిపింది ఇంకొకరికి నచ్చదు" అంది.

ఆ కలపడం దగ్గర బాలరాజ్‌కు అసలు మోజు పట్టింది. టైల్స్ పనిలో సిమెంటూ ఇసుకా పాళ్లు కలిపిన చెయ్యి అది. పాత పేపరు మీద నీడలో పొగాకు ఆరబెట్టి, చెంచాలతో కొలిచి, ఒక్కో మిశ్రమానికీ ఒక నంబరు ఇచ్చి, నన్ను నోటుబుక్కులో రాయమనేవాడు. నిష్పత్తులు నిత్యజీవితంలో పనికొస్తాయని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. అవి నా కళ్ల ముందు మొదటిసారి పనికొచ్చింది పొగాకుకు. నాలుగు పాళ్లు వర్జీనియా, ఒక పాలు లంక: నాలుక చురుక్కుమంది. ఆరు పాళ్లకు ఒకటి: చప్పగా ఉంది, చెరుకు పిప్పి నమిలినట్టు. నల్లరకం చిటికెడు కలిపిన రోజు పూలమ్మ చుట్ట పక్కన పెట్టి ముక్కు ఎత్తింది. "పిడకల మీద పాలు కాగినట్టున్నది రా" అంది. ఆ రోజు నుంచి నల్లరకం చిటికెడు ఖాయం అయింది. అండాలమ్మ కింద నుంచి, "ఇయ్యాల్టి వాసన పర్వాలే" అని అరిచిన రోజు నోటుబుక్కులో ఏడో నంబరు పక్కన నేను టిక్కు పెట్టాను.

నిప్పు ఇప్పుడు అంటుకుంటోంది. కానీ నిలవడం లేదు. దమ్ము దమ్ముకూ గట్టిగా గుంజేవాడు, నాలుక కాలేది, ఆపేవాడు, ఆరిపోయేది. ఇంకో పది రోజులే ఉన్నాయనగా పూలమ్మకు విసుగొచ్చింది.

"గుంజద్దు రా. నువ్వు బోరింగు కొడుతున్నవా ఏంది? ఇను. నాట్లేసేటప్పుడు నా రెండు చేతులు బురదల ఉంటుండె. పొద్దున ముట్టిచ్చిన చుట్ట పగటాల్ల దాంక పంటి కిందనే. అగ్గిపెట్టె ఒక్కటే, గది గట్టు మీద. చుట్ట ఆరితే గట్టెక్కాలె. గట్టెక్కితే నా సాలు ఎనకబడుతది. పక్క సాలు దాన్లు నవ్వుతరు. గందుకని ఆరకపోయేది."

"ఎట్ల ఆరకపోయేది అవ్వా?"

"ఊపిరి తీసుకుంటవ్ గద, ఊకె. గా ఊపిరిలనే జర నిప్పుకియ్యాలె. రెండు సిన్నయి, మెల్లగ. గవి నిప్పుకు. తర్వాత ఒకటి పెద్దది. గది నీకు. రెండు నిప్పుకు, ఒకటి నీకు. నీ ఒక్కనికే గుంజుకుంటే నిప్పు ఎట్లుంటది?"

చెప్పి ఊరుకోలేదు. తన ముందు చాట నిండా వెల్లుల్లి పోసింది. రెండు చేతులతో వెల్లుల్లి ఒలవాలి, పైపు నోట్లోంచి తీయకూడదు, మేకుతో అదమకూడదు, ఆరకూడదు. ఆరితే మళ్లీ మొదటి నుంచి. మొదటి రోజు నాలుగు పాయలకే ఆరింది. వారం గడిచేసరికి చాట సగం దాకా వచ్చాడు. అండాలమ్మ ఆ వెల్లుల్లిని ఏం చేయాలో తెలియక ఊరంతటికీ కారం నూరిపెట్టింది. నాకూ ఒక సీసా ఇచ్చింది. నా ఇల్లు పైన పొగాకు, లోపల వెల్లుల్లి. బడిలో పిల్లలు నన్ను ఇక ఏమీ అడగడం మానేశారు.

షూటింగ్‌కు రెండు రోజుల ముందు ఒక సాయంత్రం చాట ఖాళీ అయింది. పైపులోంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది. పూలమ్మ చెయ్యి చాచి పొగాకు కూరే పైపు గిన్నెను తడిమింది. అది వెచ్చగా ఉంది. "ఇగ పో" అంది.

షూటింగ్ రోజు సంగతి నాకు తిరుపతి చెప్పాడు. ఆ రోజు మొదటి టేకులో హీరో మాట మర్చిపోయాడు. రెండోదాంట్లో తలుపు గడియ ఊడింది. మూడోదాంట్లో పేకముక్క ఒకటి కింద పడింది. నలభై నిమిషాల పాటు అందరూ ఏదో ఒకటి తప్పారు. బాలరాజ్ మాత్రం చేతుల్లో పేకముక్కలు పట్టుకుని, పైపు పంటి సందున పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. కెమెరా మొదలైన ప్రతిసారీ రెండు చిన్న పొగలు, ఒక పెద్ద పొగ. వెలుగు వెనక నుంచి పడుతుంటే ఆ పొగ వెండిలా మెరిసిందట. కెమెరామన్ మురిసిపోయి, ఇంకొంచెం, ఇంకొంచెం అని అడిగాడట. టేకు ఓకే అయ్యాక డైరెక్టర్ వెనక్కి తిరిగి, "ఆ పైపాయన పేరేంటి?" అన్నాడు. పందొమ్మిదేళ్లలో సెట్టులో ఆయన పేరు అడగడం అదే మొదటిసారి. బాలరాజ్ చెప్పబోయి నోట్లో పైపు ఉందని గుర్తొచ్చి ఆగిపోతే, తిరుపతే చెప్పాడట.

పైపు తిరిగి ఇచ్చేశాడు. అండాలమ్మ షరతు నెగ్గింది. కానీ డాబా మీద సాయంత్రాలు బోసిపోయాయి. నాలుగు వారాలు చూసి చూసి, తల్లీ కొడుకూ పేపరు మీద ఆరబెట్టిన పొగాకును ఊరికే వాసన చూసుకుంటూ కూర్చోవడం భరించలేక, ఆదివారం ఒక్క గిన్నె తాగవచ్చని అండాలమ్మే ఒప్పుకుంది. కోటేశ్వరమ్మ గారు పాత సరుకులోంచి ఒక చిన్న పైపు వెతికి ఇచ్చింది. నోటుబుక్కులో నంబర్లు పదకొండు దాకా వెళ్లాయి. ఆదివారం చీరలు ఆరేయడం నేనే మానేశాను.

సినిమా రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో పూలమ్మ చూపు తగ్గుతూ వచ్చింది. దసరాకు నన్ను చీర రంగును బట్టి గుర్తుపట్టేది. మాఘమాసం వచ్చేసరికి గొంతును బట్టి గుర్తుపట్టింది. వెలుతురూ నీడా, తెలుపూ నలుపూ తెలుస్తాయి, ముఖాలు తెలియవు. బాలరాజ్ తిరుపతికి రోజూ ఫోన్ చేసేవాడు, ఎప్పుడు వస్తదన్నా అని. ఇంకా పాటలు తీయాలట అని ప్రతిసారీ జవాబు వచ్చేది. నాకు ఆ నిర్మాతల మీద పట్టరానంత కోపం వచ్చేది. ఒక ముసలామె కళ్ల కంటే వాళ్లకు పాటలు ఎక్కువయ్యాయా అనుకునేదాన్ని.

విడుదలైన రెండో రోజు, మ్యాట్నీకి, దిల్‌సుఖ్‌నగర్‌లో థియేటరుకు నలుగురం ఆటోలో పోయాం. పూలమ్మ కొత్త చీర కట్టుకుంది. తెర పెద్దగా ఉంటే ఎంతో కొంత కనబడుతుందని ముందు వరుసల్లో కూర్చున్నాం. "పేకాట సీను రాంగనే చెప్తా అవ్వా" అన్నాడు బాలరాజ్. 

పేకాట సీను ఆయన చెప్పకముందే తెలిసింది. తెర అడుగున పొగ తాగడం ఆరోగ్యానికి హానికరమని తెల్లటి అక్షరాలు వచ్చాయి. అండాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. కోటు కనబడింది. రెండు చేతులు, పేకముక్కలు కనబడ్డాయి. కెమెరా పైకి లేచింది. అక్కడ ముఖం ఉండాల్సిన చోట తెర నిండా పొగ ఉంది, వెండిలాంటి, ఒత్తైన, అందమైన పొగ. రెండు చిన్నవి, ఒక పెద్దది. అందులోంచి హీరో వచ్చాడు. థియేటరంతా ఈలలు.

"ఏడ?" అంది అండాలమ్మ. "ఏడున్నవయ్యా?"

"గా పొగ ఎనక" అన్నాడు బాలరాజ్. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. నాకు ఏడుపు వచ్చింది, నిజం చెబుతున్నాను. మూడు వారాలు నేర్చుకుని, చాటలకొద్దీ వెల్లుల్లి ఒలిచి, ఆ మనిషి ఎంత బాగా పొగ వదిలాడంటే తన ముఖం తనే కప్పేసుకున్నాడు.

"ఆగుండ్రి, లొల్లి చెయ్యకుండ్రి" అంది పూలమ్మ. ఆమె ముఖం ఇంకా తెర వైపే ఉంది. "నేను సూసిన."

"ఏం సూసినవ్ అవ్వా? నా ముఖం రానే రాలే."

"ముఖం నాకెందుకు రా, ముఖాలు నాకు కనబడ్తయా? తెల్లగ పొగ కనబడ్డది. రెండు సిన్నయి, ఒకటి పెద్దది. అట్ల ఇడిసేది దునియాల ఇద్దరమే. నేను ఈడ కూసున్న. గాడ ఉన్నది నువ్వే."

 బాలరాజ్ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. పూలమ్మ అవతలి సీట్లో కూర్చున్న ముక్కూముఖం తెలియని ఆవిడ వైపు తిరిగి, "గా పొగ ఇడిసింది నా కొడుకే" అని చెప్పింది. ఆవిడ వంగి బాలరాజ్‌ను చూసి తల ఊపింది.

సినిమా నడుస్తూనే ఉంది. కాసేపటికి పూలమ్మ కొడుకు చెవి దగ్గరికి జరిగింది.

"గా షూటింగు మద్దెన ఎన్నిమాట్లు ఆరింది రా?"

"ఒక్కమాటు గూడ ఆర్లే అవ్వా" అన్నాడు బాలరాజ్.